మాట్లాడే ఫోను నోరు నొక్కుతారా?

ఈ కాగితం చేతికందిన కళ్ళున్న అన్నలూ, అక్కలూ! పక్కన చూపులేనివాళ్ళు ఎవరున్నా గొంతెత్తి చదివి వినిపించండి. వాట్సాప్‌లో పంపాలనుకుంటే ఫోటో తీసి పంపకండి, టైపు చేసి పంపండి. ఎందుకో లోపల చెప్తాం.

చూపులేని అన్నలారా! అక్కలారా! తమ్ముళ్ళారా! చెల్లెళ్ళారా!

మన ఫోను మాట్లాడుతుంది. ఆ సంగతి మనకి తెలుసు. ఊళ్ళో చాలామందికి ఇంకా తెలీదు. "నీకు కనపడదు కదా, ఫోనెందుకు?" అని అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళకోసం ఇంకోసారి చెప్దాం. అద్దం మీద వేలు పెడితే ఆ వేలి కింద ఏముందో ఫోను పైకి చదువుతుంది. కుడివైపుకి తోస్తే పక్కదానికి పోతుంది. రెండుసార్లు తడితే తెరుచుకుంటుంది. ఆండ్రాయిడ్‌లో దాని పేరు టాక్‌బ్యాక్. ఐఫోన్‌లో వాయిస్‌ఓవర్. రెండూ 2009లోనే వచ్చాయి. మనవాళ్ళు ఆ గొంతుని ఎంత వేగంగా పెట్టుకుంటారంటే, పక్కనున్నవాళ్ళకి అది ఏ భాషో కూడా అంతుచిక్కదు!

కంప్యూటర్లో స్క్రీన్ చదివి చెప్పే ఎన్‌వీడీఏ ఉంది. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ మొదలుపెట్టాడు, జేమ్స్ టే చెయ్యి కలిపాడు. ఇద్దరూ చూపులేనివాళ్ళే. స్క్రీన్ చదివే సాఫ్ట్‌వేర్ కొనాలంటే కంప్యూటర్ ఖరీదు మించిపోయే రోజులవి. వాళ్ళిద్దరూ దాన్ని ఊరికే ఇచ్చేశారు. ఇవాళ హైదరాబాద్‌లో బ్యాంకు ఉద్యోగం చేసే మన తమ్ముడికీ, విజయనగరంలో డీఎస్సీకి చదివే మన చెల్లెలికీ అదే ఆధారం.

ఇవి మనకేం ఇచ్చాయో కళ్ళున్నవాళ్ళకి చెప్పినా సగమే అర్థమవుతుంది. ఇంటాయన దుబాయ్ నుంచి పంపిన మెసేజ్ పక్కింటి పిల్లాడు చదివి పెట్టేవాడు. పెళ్ళాం మొగుళ్ళ మాట మూడో మనిషి నోటి వెంట వినాల్సి వచ్చేది! ఆ బతుకు పోయింది. ఇప్పుడు ఇయర్‌ఫోన్ పెట్టుకుని మనమే వింటున్నాం. పిల్లాడి మార్కులు మనమే చూసుకుంటున్నాం. వాడు అబద్ధమాడితే పట్టుకుంటున్నాం. ఖాతాలో ఎంతుందో అన్నదమ్ములకి తెలీకుండా దాచుకుంటున్నాం. పప్పు పొట్లం ముందు కెమెరా పెడితే కందిపప్పో శనగపప్పో చెప్పే యాప్‌లొచ్చాయి. డెన్మార్క్‌లో పుట్టిన బీ మై ఐస్ 2015 నుంచి నడుస్తోంది. మైక్రోసాఫ్ట్‌లో సాకిబ్ షేక్ అనే చూపులేని ఇంజనీరు ముందుండి చేయించిన సీయింగ్ ఏఐ 2017లో వచ్చింది. (ఒక్క మాట. ఏఐ చెప్పేదంతా నమ్మకండి. ముఖ్యంగా మందుల విషయంలో. అది తప్పు చెప్పినా అంతే ధీమాగా చెప్తుంది. బిళ్ళ నోట్లో వేసుకునే ముందు ఒక మనిషిని అడగండి.)

మరి ఇన్ని చేతిలో ఉండగా మనం ఇంకా ఎందుకు పక్కవాడి చెయ్యి పట్టుకుని బతిమాలుకుంటున్నాం?

ఎందుకంటే, మాట్లాడే మన ఫోను నోరు నొక్కేస్తున్నారు!

ఎవరు? బ్యాంకులు. ప్రభుత్వ ఆఫీసులు. యాప్‌లు చేసే కంపెనీలు. పరీక్షలు పెట్టే బోర్డులు. ఒక్కొక్కళ్ళూ ఒక్కో వేలు వేసి నొక్కుతున్నారు.

ఎలాగో వినండి. యాప్‌లో ఒక బాణం బొమ్మ వేస్తారు. అది "డబ్బు పంపు" బటన్. కళ్ళున్నవాడు చూసి నొక్కుతాడు. మన ఫోను దాన్ని చదవాలంటే బొమ్మ వెనకాల పేరు రాసి ఉండాలి. ఒక్క ముక్క. "డబ్బు పంపు" అని. అది రాయరు! అప్పుడు మన ఫోను ఏమంటుంది? "బటన్" అంటుంది. పక్కకి తోస్తే? "బటన్". ఇంకా తోస్తే? "అన్‌లేబుల్డ్ బటన్". వీటిల్లో డబ్బు పంపేదేది? ఖాతా వివరాలు చెరిపేసేదేది? ఎవడికి తెలుసు! నెలకోసారి యాప్ కొత్తగా మారుస్తారు. కష్టపడి గుర్తుపెట్టుకున్న వరస కూడా పోతుంది. ఆ ఒక్క ముక్క రాయడానికి ఎన్ని కోట్లవుతాయి? ఒక్క రూపాయి కాదు. రాయాలన్న బుద్ధి ఉంటే చాలు.

తర్వాత క్యాప్చా. "మీరు మనిషేనని నిరూపించుకోండి" అని వంకరటింకర అక్షరాల బొమ్మ పెడతారు. ట్రాఫిక్ లైట్లున్న గళ్ళన్నీ నొక్కమంటారు. చూపు లేకపోతే మనిషి కాదా? కొన్నిచోట్ల వినే క్యాప్చా ఉంటుంది. ఎక్కడిదో ఇంగ్లీషు గొంతు, వెనక గరగర. తెలుగు మీడియంలో చదివిన మనమ్మాయి దాన్ని విని రాయాలి. ఉద్యోగం దరఖాస్తుకి అదే ఆఖరి రోజు. ఏం చేస్తుంది? నెట్ సెంటర్‌కి పోతుంది. వాడు అడిగినంతా ఇస్తుంది. ఆధార్ నంబరు, ఫోన్ నంబరు, ఓటీపీ, సర్టిఫికెట్లు, అన్నీ వాడి చేతిలో పోస్తుంది.

ఇక కళ్ళు ఆర్పే గొడవ. ఇది వింటే ఒళ్ళు మండుతుంది.

మా అక్క ఒకావిడ. చిన్నప్పుడే రెండు కళ్ళూ పోయాయి. రెండూ పెట్టుడు కళ్ళు. ఖాతాకి కేవైసీ గడువు దాటితే డబ్బు ఆగిపోతుందని మెసేజ్ వచ్చింది. బ్యాంకుకి వెళ్ళింది. అక్కడి అబ్బాయి ఫోను ఆవిడ మొహం ముందు పెట్టాడు. "కళ్ళు ఆర్పండమ్మా." ఆవిడ రెప్పలు ఆడించింది. ఫోను ఒప్పుకోలేదు. "ఇంకోసారమ్మా, గట్టిగా." ఒప్పుకోలేదు. మొహం కుడికి తిప్పమన్నాడు, గుండ్రం మధ్యలోకి రమ్మన్నాడు. ఏ గుండ్రం? ఎక్కడుంది? వెనక లైన్లో ఉన్నవాళ్ళు గొణగడం మొదలుపెట్టారు. "ఎవర్నైనా తోడు తెచ్చుకోవాల్సిందమ్మా" అన్నాడు ఆ అబ్బాయి. తోడొస్తే ఆ తోడు కళ్ళు ఆర్పితే సరిపోతుందా? ఖాతా ఎవరిది? కష్టపడి కూడబెట్టిన డబ్బెవరిది? ఆవిడ ఆ రోజు డబ్బు తీసుకోకుండానే ఇంటికొచ్చింది. ఆ నెల గ్యాస్ బండకి చెల్లెల్ని అడిగింది.

ఇది ఒక్కావిడ గోడు అనుకుంటున్నారా? ఇదే గోడు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. యాసిడ్ దాడిలో మొహం కాలిపోయిన ప్రగ్యా ప్రసూన్ వెళ్ళింది. చూపులేని లాయరు అమర్ జైన్ వెళ్ళాడు. 2025 ఏప్రిల్ 30న తీర్పొచ్చింది. జస్టిస్ పార్దీవాలా, జస్టిస్ మహదేవన్ ఇచ్చారు. రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన బతికే హక్కులో ఈ ఫోన్లూ, యాప్‌లూ, ఆన్‌లైన్ సేవలూ అందుకునే హక్కు కూడా ఉందన్నారు. కేవైసీ మనందరికీ అందేలా మార్చమని 20 ఆదేశాలిచ్చారు. కళ్ళు ఆర్పడం ఒక్కటే దారిగా పెట్టకూడదు, వేరే దారి ఉండాలన్నారు. అంటే మా అక్కని తిప్పి పంపడం తప్పని దేశంలో అన్నిటికన్నా పెద్ద కోర్టు చెప్పేసింది! దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడం లేదు. మన బ్రాంచిలో కౌంటర్ దగ్గర కూర్చున్న అబ్బాయికి ఆ తీర్పు సంగతి ఎవరైనా చెప్పారా? చెప్పకపోతే మనం చెప్దాం.

కిరాణా కొట్టుకి రండి. ఇదివరకు కార్డు మిషన్‌కి మీటలుండేవి. 5 మీద చిన్న చుక్క ఉండేది. దాన్ని పట్టుకుని పిన్ కొట్టేసేవాళ్ళం. ఇప్పుడు మిషన్లు నున్నటి అద్దాలయ్యాయి. ఎక్కడ నొక్కాలి? "పిన్ చెప్పన్నా, నేను కొడతా" అంటాడు కుర్రాడు. మంచివాడే. కానీ పదిమందిలో మన పిన్ నంబరు పైకి చెప్పాలా? లిఫ్టు అద్దం. వాషింగ్ మిషన్ అద్దం. కరెంటు పొయ్యి అద్దం! వంటింట్లో మన చేతికి తెలిసిన మీటలన్నీ తీసేసి అద్దం బిగించారు. చూపులేనివాళ్ళు వంట చెయ్యరనుకున్నారా?

మరి నోట్లతో కొందాం అంటారా? పాత 500 నోటు 167 మిల్లీమీటర్లు. పాత వంద 157. మధ్యలో సెంటీమీటరు తేడా. వేళ్ళ మధ్య మడిచి చూస్తే తెలిసేది. 2016లో నోట్లు రద్దు చేశాక కొత్తవి తెచ్చారు. కొత్త 500 నోటు 150. రెండొందలు 146. వంద 142. నాలుగు మిల్లీమీటర్ల తేడా! ఒక బియ్యపు గింజ పొడవంత కూడా లేదు. పైన ఉబ్బెత్తు గీతలు వేశామన్నారు. చేపల మార్కెట్లో నాలుగు చేతులు మారేసరికి ఆ గీతలు అరిగిపోతాయి. మన రైళ్ళలో వేరుశనగలు, పిన్నీసులు అమ్ముకునే తమ్ముళ్ళని అడగండి, ఎన్నిసార్లు వంద అనుకుని 500 తిరిగిచ్చారో! రిజర్వ్ బ్యాంకు 2020 జనవరి 1న మణి అని ఒక యాప్ తెచ్చింది. కెమెరా ముందు నోటు పెడితే ఎంతో చెప్తుంది, నెట్ కూడా అక్కర్లేదు. మంచి పనే. వాడండి. కానీ అది మొదలైనప్పుడు హిందీ, ఇంగ్లీషులోనే పలికింది. పైగా కదిలే రైల్లో ఒక చేత్తో బుట్ట, ఒక చేత్తో కర్ర. మూడో చెయ్యి ఎక్కడిది? ఫోను తీసి నోటు చూసేలోగా గిరాకీ దిగిపోతాడు.

ఏటీఎంల సంగతి ఇంకా విచిత్రం. 2014 జూలై 1 నుంచి కొత్తగా పెట్టే ప్రతి ఏటీఎం మాట్లాడాలి, దానికి బ్రెయిల్ మీటలుండాలి అని రిజర్వ్ బ్యాంకే చెప్పింది. మీ వీధి చివర ఏటీఎంకి వెళ్ళి ఇయర్‌ఫోన్ పెట్టి చూడండి. వినపడిందా? వినపడకపోతే అది ఏ బ్యాంకుదో, ఏ వీధిలో ఉందో రాసి పెట్టుకోండి. ఆ కాగితంతో పనుంది.

చదువుకునే పిల్లల దగ్గరికి వద్దాం. ఇక్కడ జరిగే అన్యాయం మన తెలుగువాళ్ళకి మరీ ఎక్కువ.

తెలుగు పుస్తకాలు దశాబ్దాలుగా డీటీపీ సెంటర్లలో పాత ఫాంట్లలో కొట్టారు. ఆ ఫాంట్లలో కంటికి "అమ్మ" అని కనపడుతుంది. లోపల ఉండేది మాత్రం ఏవో ఇంగ్లీషు గుర్తులు. ఆ ఫైలు మన ఫోన్లో పెడితే ఏం చదువుతుంది? పిచ్చి కూతలు! యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచి ఉంది. యూనికోడ్‌లో కొడితే ఫోను చక్కగా చదువుతుంది. అయినా ఇప్పటికీ ఎన్నో పుస్తకాలు, ఎన్నో పత్రికలు పాత ఫాంట్లలోనే తయారవుతున్నాయి. ఇక జీవోలు, నోటిఫికేషన్లు, హాల్‌టికెట్ల సూచనలు! కాగితం మీద ముద్రిస్తారు, సంతకం పెడతారు, స్టాంపు గుద్దుతారు, వంకరగా స్కాన్ చేసి పీడీఎఫ్ అని వెబ్‌సైట్లో పడేస్తారు. అది అక్షరాలు కాదు, అక్షరాల ఫోటో. మన ఫోను దాన్ని తెరిచి "ఖాళీ పేజీ" అంటుంది. ఫోటోలో ఒత్తులు, గుణింతాలు గుర్తుపట్టే ఓసీఆర్ ఉంది, అది మెరుగవుతోంది. కానీ స్కాన్ మసగ్గా ఉంటే "ప్రవేశం" ఇంకేదో అవుతుంది, తేదీ తారుమారవుతుంది. తేదీ తప్పుతో పరీక్ష తప్పిన పిల్లకి ఎవరు జవాబు చెప్తారు?

చట్టం అడ్డమా? కాదు! 2012లో కాపీరైట్ చట్టం మార్చి, మనం చదువుకునేలా పుస్తకాల్ని మార్చుకోవచ్చని పార్లమెంటే చెప్పింది. ప్రపంచం మొత్తం మీద మరాకేష్ ఒప్పందాన్ని 2014లో అందరికంటే ముందు ఆమోదించిన దేశం మనదే. ఆ ఒప్పందం చూపులేనివాళ్ళకి పుస్తకాలు అందాలనే. అంత గొప్పగా సంతకం పెట్టిన దేశంలో మన డిగ్రీ పిల్లలు తెలుగు సాహిత్యం పేపరుకి స్నేహితుల కాళ్ళావేళ్ళా పడి పాఠాలు రికార్డు చేయించుకుంటున్నారు.

మచిలీపట్నం దగ్గర పల్లెలో చూపు లేకుండా పుట్టిన బొల్లా శ్రీకాంత్ కథ మీరంతా విన్నారు. సినిమా కూడా వచ్చింది. పదో తరగతి పాసయ్యాక సైన్సు చదువుతానంటే కుదరదన్నారు. కోర్టుకెళ్ళి గెలుచుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత అమెరికా ఎమ్ఐటీకి వెళ్ళాడు, తిరిగొచ్చి ఫ్యాక్టరీ పెట్టాడు. చప్పట్లు కొట్టాం. కొట్టాల్సిందే. కానీ ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ సైన్సు పుస్తకం కోసం కోర్టు మెట్లెక్కాలా?

రోడ్డు మీదికి వద్దాం. తెల్ల కర్ర నేల మీద గుంట చెప్తుంది, మెట్టు చెప్తుంది. మోకాలి పైన ఏముందో చెప్పదు. లారీ వెనక పొడుచుకొచ్చిన ఇనుప కడ్డీలు, కిందికి దించిన షాపు రేకులు, ఫ్లెక్సీ కట్టిన వెదురు బొంగులు. మన నుదుటి మీద మచ్చలన్నీ వాటి పుణ్యమే. దీనికి మందు మన దేశంలోనే తయారైంది. ఢిల్లీ ఐఐటీలో ప్రొఫెసర్ బాలకృష్ణన్, ఆయన విద్యార్థులు స్మార్ట్‌కేన్ అని చేశారు. కర్రకి తగిలించే చిన్న పరికరం. 3 మీటర్ల దూరంలో మోకాలి పైన ఏమున్నా చేతికి వణుకుతో చెప్తుంది. 2014లో వచ్చింది. అప్పుడు ధర 3 వేలు. మన మండలంలో ఎంతమంది చేతిలో ఉంది? ఎంతమందికి దాని పేరైనా చెప్పారు? వైకల్యం సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపులో శాతం రాసి పంపేస్తారు గానీ, "నీకు ఇది పనికొస్తుంది, ఇలా వాడాలి" అని కూర్చోబెట్టి చెప్పేవాళ్ళేరీ?

అదే ఐఐటీ వాళ్ళు బస్సుకి కూడా ఒకటి చేశారు. ఆన్‌బోర్డ్ అంటారు. మీట నొక్కితే ఆగిన బస్సు తన నంబరు తనే పలుకుతుంది, ఆ గొంతు పట్టుకుని తలుపు దగ్గరికి పోవచ్చు. ఢిల్లీలో, ముంబైలో పెట్టి చూశారు. మన దగ్గర? కోఠిలో నిలబడి "ఇదేం బస్సన్నా, ఇదేం బస్సక్కా" అని అడుగుతూనే ఉన్నాం. చెప్పేవాళ్ళు వాళ్ళ బస్సు రాగానే వెళ్ళిపోతారు. మన బస్సు మన ముందు నుంచే పోతుంది.

ఇప్పుడు రెండు రాష్ట్రాల్లో పింఛను చూడండి. తెలంగాణలో 4,016 రూపాయలు. ఆంధ్రలో 6,000. చేతికి అక్షరాలు తగిలేలా చుక్కలు లేపే బ్రెయిల్ డిస్‌ప్లేలు చాలావాటి ధర లక్ష దాటుతుంది. మంచి కెమెరా ఉన్న ఫోను కొనాలంటే రెండు మూడు నెలల పింఛను పోతుంది. ఆ నెలల్లో ఏం తినాలి? 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు బ్రెయిల్ టైపు మిషన్ మీద కూడా 5 శాతం పన్ను వేశారు. చదువుకోవడానికి పన్నా!

కొంతమంది అంటారు: "ఎందుకు బాబూ ఈ గొడవంతా? సైన్సు పెరుగుతోంది. రేపో మాపో కళ్ళే వచ్చేస్తాయి." పేపర్లో "బయోనిక్ కన్ను" అని వార్త పడినప్పుడల్లా చుట్టాలు ఫోన్లు చేస్తారు. వాళ్ళ ప్రేమకి దండం. కానీ ఒక్క కథ వినండి. అమెరికాలో సెకండ్ సైట్ అనే కంపెనీ ఆర్గస్ టూ అని ఒక పరికరం చేసింది. కంటి లోపల రెటీనా మీద 60 చిన్న ఎలక్ట్రోడ్లు. కళ్ళజోడులో కెమెరా. 2013లో అక్కడి ప్రభుత్వం అనుమతిచ్చింది. ధర దాదాపు లక్షన్నర డాలర్లు. ప్రపంచంలో 350 మందికి పైగా పెట్టించుకున్నారు. వాళ్ళకి కనపడింది వెలుగు చుక్కలు, నీడల్లాంటి ఆకారాలు. అదే చాలని సంబరపడ్డారు, ఎవరు పడరు? లాభం రాలేదు. 2019లో కంపెనీ దాన్ని ఆపేసింది. 2020లో ఉద్యోగుల్ని ఇంటికి పంపేసింది. కంట్లో యంత్రం అలాగే ఉండిపోయింది! పాడైతే బాగుచేసేవాడు లేడు. సొంత కంటి లోపల ఉన్న యంత్రం మీద కూడా వాళ్ళకి హక్కు లేకుండా పోయింది.

పరిశోధన జరగాలి. కళ్ళొస్తే మనకంటే ఎవరు సంతోషిస్తారు? కానీ వస్తుందో రాదో తెలియని దానికోసం ఇవాళ్టి బతుకు ఆపుకుని కూర్చోలేం. బ్యాంకు ఇవాళ తెరిచి ఉంది. పరీక్ష ఈ నెలలో ఉంది. ఇవాళ పనిచేసే పరికరం మన జేబులో ఉంది. దాన్ని పనిచెయ్యనివ్వాలి. అదీ ఒక కంపెనీ దయ మీద వదిలెయ్యకుండా, చట్టం కింద, హక్కుగా.

ఆ చట్టం ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం. 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. సేవలందించేవాళ్ళంతా, ప్రభుత్వమైనా ప్రైవేటైనా, నిబంధనలొచ్చిన రెండేళ్ళలో తమ సేవలు మనకి అందేలా మార్చాలని 46వ సెక్షన్ చెప్తోంది. నిబంధనలు 2017 జూన్‌లో వచ్చాయి. అంటే 2019 జూన్‌తో గడువు అయిపోయింది! ఎన్నేళ్ళయింది? చట్టం తప్పినవాడికి 89వ సెక్షన్ కింద మొదటిసారి 10 వేల దాకా జరిమానా. మళ్ళీ చేస్తే 50 వేల నుంచి 5 లక్షల దాకా. మీ జిల్లాలో ఒక్క బ్యాంకుకి, ఒక్క యాప్ కంపెనీకి ఈ జరిమానా పడిందని విన్నారా?

రాజీవ్ రతూరీ అని చూపులేని మనిషి 2005లో సుప్రీంకోర్టుకెళ్ళాడు. ఆ కేసులో మన శామీర్‌పేట నల్సార్ యూనివర్సిటీ వాళ్ళు దేశమంతా పరిస్థితి ఎలా ఉందో నివేదిక ఇచ్చారు. 2024 నవంబర్ 8న తీర్పొచ్చింది. ప్రభుత్వం పెట్టిన 15వ నిబంధన చట్టానికే విరుద్ధమని కొట్టేశారు. ఎందుకంటే "చేస్తే మంచిది" అన్నట్టు రాశారు, "చెయ్యాల్సిందే" అని రాయలేదు. తప్పనిసరి ప్రమాణాలు మూడు నెలల్లో తెమ్మన్నారు. కేసు వేసింది 2005. తీర్పు 2024. పంతొమ్మిదేళ్ళు! కేసు వేసిన ఏడు పుట్టిన చూపులేని బిడ్డ తీర్పొచ్చేసరికి కాలేజీకి వచ్చేశాడు.

"మీరెంతమంది ఉంటారు?" అని అడుగుతారు. 2011 లెక్కల్లో ఈ దేశంలో మనం 50 లక్షల మందికి పైనే. 2021లో జరగాల్సిన లెక్క అప్పుడు జరగనే లేదు. షుగరుతో చూపు పోతున్నవాళ్ళు, గ్లకోమాతో పోతున్నవాళ్ళు, వయసు మీద పడి అక్షరాలు మసకబారిన మీ అమ్మా నాన్నా. వాళ్ళందరికీ రేపు ఈ బటన్ పేర్లు కావాలి.

"తెలుగులో మాట్లాడించడం కష్టం" అంటారు. కష్టమా? టీ కొట్టు దగ్గర నిలబడండి. డబ్బు పడగానే డబ్బా తెలుగులో అరుస్తుంది, ఇన్ని రూపాయలు అందాయని. సినిమా హీరో గొంతుతో కూడా అరిపించారు! వ్యాపారికి కావాలంటే పెట్టె తెలుగు మాట్లాడుతుంది. ఆ పెట్టె వల్ల కొట్టు పెట్టుకున్న మన చూపులేని అన్నలకి ఎంతో మేలు జరిగింది, మోసం తగ్గింది. చెయ్యగలిగినవాళ్ళు మన యాప్ ఎందుకు చెయ్యరు? చెయ్యమని మనం గట్టిగా అడగలేదు గనక!

ఇంక అడుగుదాం.

కళ్ళున్న మిత్రులారా, ముందు మీకు. కుటుంబం గ్రూపులో పెళ్ళి పత్రిక పెట్టినప్పుడు ఫోటోతో పాటు నాలుగు ముక్కలు టైపు చెయ్యండి. ఎవరి పెళ్ళి, ఎక్కడ, ఎన్నింటికి. మన ఇంటి పెళ్ళి సంగతి మన బాబాయికి మూడో రోజు తెలియడం ఏం బాగుంటుంది? టీచరమ్మలూ, మాస్టార్లూ! బోర్డు మీద రాసింది ఫోటో తీసి పెట్టకండి, ఒక్క నిమిషం వాయిస్ మెసేజ్ పెట్టండి. డీటీపీ చేసే అన్నలూ! యూనికోడ్‌లో కొట్టండి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లల్లారా, ఇక్కడున్నా అమెరికాలో ఉన్నా మీరు రోజూ చేసే పని ఇదే కదా! రేపు ఆఫీసుకెళ్ళాక మీ యాప్ తెరిచి, టాక్‌బ్యాక్ పెట్టి, కళ్ళు మూసుకుని వాడి చూడండి. ఎక్కడ ఆగిపోయారో అక్కడే మేమంతా ఆగిపోయాం. బాగుచెయ్యండి.

చూపులేని మనవాళ్ళంతా ఈ వారం చెయ్యాల్సిన పని. మీకు అడ్డం తగిలిన ప్రతి యాప్, ప్రతి వెబ్‌సైట్, ప్రతి ఏటీఎం పేరు చెప్పి రికార్డు చెయ్యండి. ఏ రోజు, ఎన్నింటికి, ఏ పేజీలో ఆగిపోయిందో చెప్పండి. "యాప్ బాగాలేదు" అంటే ఎవడూ పట్టించుకోడు. "ఫలానా పేజీలో మూడో బటన్‌కి పేరు లేదు" అంటే తప్పించుకోలేడు. బ్యాంకు సంగతైతే ముందు బ్రాంచి మేనేజరుకి రాతపూర్వకంగా ఇవ్వండి, రసీదు అడిగి తీసుకోండి. నెలలో జవాబు రాకపోతే, వచ్చినా సరిగా లేకపోతే, రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి. మిగతావన్నీ రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కి. ఆ కమిషనర్‌కి సివిల్ కోర్టులాగా సమన్లిచ్చి పిలిపించే అధికారం ఉంది. అర్జీలో ఈ మూడు ముక్కలు తప్పకుండా రాయించండి: సెక్షన్ 46, సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30 తీర్పు, ఐఎస్ 17802. ఈ చివరిది ఫోన్లూ వెబ్‌సైట్లూ మనకి అందేలా ఎలా చెయ్యాలో భారతీయ ప్రమాణాల సంస్థ రాసిన ప్రమాణం. ఆ నంబరు కనపడితే అవతలివాడికి మనకి విషయం తెలుసని అర్థమవుతుంది.

వచ్చే సోమవారం అందరం కలెక్టరేట్‌కి! తెలంగాణలో ప్రజావాణి. ఆంధ్రలో ప్రజా సమస్యల పరిష్కార వేదిక. రెండు చోట్లా సోమవారమే. పొద్దున పదింటికల్లా గేటు దగ్గరుండండి. ఊరు నుంచి ఒక్కళ్ళే వస్తుంటే బస్టాండులో దిగి మనవాళ్ళని పిలవండి, కర్రల చప్పుడు వినపడే చోటికి రండి. సదరం సర్టిఫికెట్ జిరాక్సు తెచ్చుకోండి. అర్జీ రెండు కాపీలు, ఒకదాని మీద స్టాంపు వేయించుకోవాలి.

ముఖ్యంగా ఫోను నిండా చార్జింగ్ పెట్టుకు రండి. ఇయర్‌ఫోన్లు ఇంట్లో వదిలెయ్యండి. హాల్లోకి వెళ్ళాక కలెక్టర్ గారి ఎదురుగా అందరం ఒకేసారి సౌండు పూర్తిగా పెంచుతాం. పింఛను పేజీ, దరఖాస్తు పేజీ తెరుస్తాం. వేలితో తోస్తూ పోతాం. "బటన్. బటన్. అన్‌లేబుల్డ్ బటన్." గదిలో ప్రతి అధికారీ వినాలి. విన్నాక ఏ తేదీ లోపల బాగుచేస్తారో కాగితం మీద రాసివ్వమని అడుగుతాం. రాసిచ్చేదాకా సౌండు తగ్గించకండి!